అండకవచము – ప్రతిరక్షకములు

టీకా వేయించుకొనిన బిడ్డ శరీరమున ప్రతిరక్షకములను పదార్థములు పుట్టునని మనమందఱము వినియున్నాము. ఇవి వెలుపలినుండి వచ్చిన సూక్ష్మజీవిని గుర్తించి, దానికి అంటుకొని, దాని పని సాగనీయవు. ఇట్టి ప్రతిరక్షకములు సూక్ష్మజీవికి గాక అండమునకే అంటుకొనినచో నేమగును? శాస్త్రజ్ఞులు దీనికి సమాధానమును ఎలుక జాతి జంతువులయందు వెదకిరి. ఆ విషయమును ఇచట సంగ్రహముగా వివరింతుము.

చిట్టెలుక యండము మిల్లీమీటరులో సుమారు పండ్రెండవ వంతు మాత్రమే. దాని చుట్టును పారదర్శకమగు పొర యొకటి గలదు. శాస్త్రజ్ఞులు దీనిని జోనా పెల్లూసిడా యందురు, మనము అండకవచమందము. శుక్రకణము మొదట ఈ కవచమును పట్టుకొని, పిదప దానిని దాటి లోనికి పోవలయును. అప్పుడే ఫలదీకరణము జరుగును.

1972లో అమెరికాలో షివర్సు, ఆయన సహచరులు హామ్‌స్టరను ఎలుక జాతి జంతువుపై పరీక్ష చేసిరి. హామ్‌స్టరు అండకోశపు పదార్థమును కుందేళ్ల కెక్కించి, వాని రక్తరసమును గ్రహించిరి. ఆ రసమున నుంచిన అండములు ఫలదీకరణము చెందలేదు. ప్రతిరక్షకములు కవచముపై దట్టముగా పేరుకొనుటయే ఇందుకు కారణము. తాళపు రంధ్రమున మైనము నింపినచో తాళము చెడదు గాని, చెవి లోనికి దూరదు. ఇదియు నట్టిదే.

చిట్టెలుక యండకవచమున మూడు ముఖ్యమైన ప్రోటీనులున్నవని 1980లో బ్లైల్, వాసర్మన్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. శుక్రకణమునకు పట్టునిచ్చునది మూడవదని వారి యభిప్రాయము. రెండవదియే ముఖ్యమని తరువాతి పరిశోధనలు చూపుచున్నవి. 1989లో మూడవ ప్రోటీనునందలి 16 అమైనో ఆమ్లముల చిన్న ఖండముతో ఆడ ఎలుకలకు టీకా వేయగా, 16 మొదలు 36 వారముల వఱకు వానికి గర్భము నిలువలేదు. అండకోశములకు హానియు కనబడలేదు. అయినను 1992లో అదే ప్రోటీనునందలి ఖండముతో చేసిన మఱియొక ప్రయోగమున ఎలుకల అండకోశములకు వ్యాధి కలిగినది. అచట ప్రతిరక్షకములు మాత్రమే గాక, రక్షణ కణములును మేల్కొని స్వంత అవయవముపై దాడి చేసినవి. అడ్డగించుట వేఱు, గాయపఱచుట వేఱు. ఈ రెంటి నడుమ హద్దు మిక్కిలి సన్నము.

ఆస్ట్రేలియాలో పంటలను నాశనము చేయు ఎలుకల దండును అదుపు చేయుటకై, ఈ ప్రోటీను జన్యువును ఎలుకమశూచి వైరసునందు చేర్చిరి. ఆ వైరసు సోకిన ఎలుకలు గొడ్డువోయినవని 1998లో ప్రకటించిరి. ప్రతిరక్షకములను ఇంకను పెంపదలచి, ఆ వైరసునందు ఇంటర్‌ల్యూకిన్ 4 అను పదార్థపు జన్యువును చేర్చి చూడగా, అది తలపని విధమున ప్రాణాంతకమైనది. వ్యాధిని సహజముగా తట్టుకొను ఎలుకలును, టీకా పొందిన వానిలో ననేకములును మరణించెను. ఈ ఫలితమును 2001లో ప్రకటింపగా లోకమంతయు నులికిపడినది.

మన బిడ్డలు జీవశాస్త్రమును ఏ భాషలో చదివినను, ఇంట తెలుగున ఈ కథను ముచ్చటింపవచ్చును. "ఇది పని చేయునా?" యను ప్రశ్న వెంటనే "ఇంకేమి చేయును?" అని యడుగుట కూడ వారికి నేర్పుదము. విజ్ఞానమునకు రెండు ప్రశ్నలును ఆవశ్యకములే.