అమ్మేవారికి పిన్‌తో పనిలేదు

ఇంట్లో వాడకుండా పడివున్న వస్తువును అమ్ముకోవటానికి ఇప్పుడు సంతకు మోసుకుపోనక్కరలేదు. సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసి, ధర వ్రాసి, ఓఎల్ఎక్స్‌లో గాని ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో గాని పెడితే చాలు. పాత మంచం, కుట్టుమిషను, పిల్లలు తొక్కి వదిలేసిన సైకిలు, అన్నిటికీ కొనేవారు దొరుకుతున్నారు. ఇది మంచి సదుపాయమే. అయితే ఈ ప్రకటనలను మనకంటే శ్రద్ధగా చదివేవారు కొందరున్నారు. వారికి మన మంచం అక్కరలేదు, మన బ్యాంకు ఖాతా కావాలి.

సామాన్యంగా కొనేవాడే మోసపోతాడని భయపడతాము, డబ్బు ఇచ్చేది అతడే కనుక. అమ్మేవాడు పుచ్చుకునేవాడు, అతనికి పోయేదేముంది అనుకుంటాము. ఈ మోసమంతా ఆ ధీమా మీదనే నడుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. గుంటూరులో రిటైరైన ఒక మాస్టారు, కుమారుని వద్దకు వెళ్ళిపోతూ, టేకు మంచాన్ని 12,000 రూపాయలకు అమ్మదలచారనుకోండి. ప్రకటన పెట్టిన అరగంటలోనే ఫోను వస్తుంది. "నేను మిలిటరీలో పనిచేస్తున్నానండీ. మీ ఊరికి బదిలీ అయింది. మంచం నచ్చింది" అంటాడు. బేరమాడడు. (మన వైపు పాత మంచానికి బేరమాడని మనిషిని ఎవరైనా చూశారా? అక్కడే అనుమానం రావాలి.) నమ్మకం కోసం యూనిఫారంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ ఫొటో, ఆ కార్డు మరెవరివో. సైనికుల మీద మనకున్న గౌరవమే వాడికి పెట్టుబడి. "డ్యూటీలో ఉన్నాను, రాలేను. వ్యాను వచ్చి మంచం తీసుకువెళ్తుంది. డబ్బు ముందే పంపిస్తాను" అంటాడు.

మొదట 10 రూపాయలు నిజంగానే పంపుతాడు. అవి ఖాతాలో పడతాయి, మాస్టారికి నమ్మకం కుదురుతుంది. తరువాత నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, అంటే క్యూఆర్ కోడ్, ఒకటి వస్తుంది. "దీన్ని స్కాన్ చేసి మీ పిన్ నొక్కండి మాస్టారూ, 12,000 మీకు చేరుతుంది." నొక్కుతారు. 12,000 వెళ్ళిపోతుంది. కంగారుగా అడిగితే, "అయ్యో, పొరపాటు జరిగిందండీ. మీ 12,000, మంచం 12,000 కలిపి 24,000కు ఇంకో కోడ్ పంపుతున్నాను" అంటాడు. పోయినది తిరిగి రావాలనే ఆత్రంలో అదీ నొక్కుతారు. 12,000 మంచం అమ్మబోయి 36,000 పోగొట్టుకున్నట్లు. ఈ రెండవ దెబ్బనే ముఖ్యంగా గమనించండి. మొదటిసారి తెలియక పోతుంది, రెండవసారి ఆత్రం వల్ల పోతుంది. ఆ సమయంలో ఫోను పెట్టేసి ఇంట్లో ఇంకొకరిని పిలిస్తే సగానికి పైగా నష్టం తప్పుతుంది. అందుకే వాడు ఫోను పెట్టనివ్వడు, మాట్లాడుతూనే ఉంటాడు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే భయం పోతుంది. 2016లో వచ్చిన యుపిఐ పద్ధతిలో పిన్ అనేది బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం మీద మనం చేసే సంతకం వంటిది. మన ఖాతాలో డబ్బు కట్టటానికి వచ్చినవాడు మన సంతకం అడుగుతాడా? అడగడు. ఖాతా నంబరు తెలిస్తే చాలు. యుపిఐ కూడా అంతే. డబ్బు పంపటానికి పిన్ కావాలి, ఖాతాలో నిలువ చూసుకోవటానికి కావాలి. డబ్బు రావటానికి ఎన్నడూ అక్కరలేదు. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయవలసినది కూడా ఇచ్చేవాడే. కిరాణా కొట్టులో కోడ్ ఎవరిది, స్కాన్ చేసేది ఎవరు అని ఒక్కసారి తలచుకోండి. ఫోన్‌పే, గూగుల్ పే వంటివాటిని తెలుగులో పెట్టుకోవచ్చు. పెద్దవారి ఫోన్లలో పిల్లలు ఆ పని చేసిపెడితే, పిన్ అడిగే ముందు తెర మీద వచ్చే మాట "చెల్లించు" అన్నదో కాదో వారే చదువుకుంటారు.

వ్యక్తులు ఒకరి నుండి మరొకరు యుపిఐలో "డబ్బు పంపండి" అని అభ్యర్థన పెట్టే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుండి ఆపివేశారు. ఇది మేలే. కాని క్యూఆర్ కోడ్ ఉన్నది, వ్యాపారుల పేరుతో వచ్చే అభ్యర్థనలు ఉన్నవి. మోసగాడికి దారి మూసుకుపోలేదు.

ఇంటికే వచ్చి మోసం చేసేవారూ ఉన్నారు. వస్తువు చూసుకుని, ఫోనులో ఆకుపచ్చ టిక్కు గుర్తు చూపించి, "పంపేశానండీ, సర్వరు నెమ్మదిగా ఉంది, కాసేపట్లో పడుతుంది" అంటారు. అటువంటి తెరను తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. కనుక అతని ఫోను చూడవద్దు, మీ ఫోను చూడండి. ఎస్సెమ్మెస్సు కూడా చాలదు, పది అంకెల మామూలు నంబరు నుండి ఎవరైనా బ్యాంకు మాటలు టైపు చేసి పంపవచ్చు. మీ యాప్‌లో మీ ఖాతా నిలువ పెరిగిందా? అదొక్కటే సాక్ష్యం. పెరగకపోతే వస్తువు గడప దాటకూడదు. అలా చేస్తే నిజమైన కొనుగోలుదారునికి అన్యాయం జరుగుతుందేమోనని సంకోచించనక్కరలేదు. అతని ఖాతాలో డబ్బు తెగి మీకు చేరకపోతే, మరుసటి రోజులోగా దానంతట అదే అతనికి తిరిగి వెళ్ళాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది.

"పొరపాటున 2,000కు బదులు 20,000 పంపాను, మిగతాది తిరిగి పంపండి" అనే ఫోను ఇంకొక రకం. చాలాసార్లు ఆ 20,000 ఉత్త ఎస్సెమ్మెస్సే. నిజంగానే పడితే ఇంకా జాగ్రత్త కావాలి. అది మరొకరి దగ్గర దోచిన సొమ్ము అయితే, పోలీసులు దాని జాడ వెంట వచ్చినపుడు మీ ఖాతాను కూడా స్తంభింపజేయవచ్చు. మీరు మీ చేతితో వేరొక నంబరుకు తిరిగి పంపవద్దు. బ్యాంకుకు వెళ్ళి వ్రాతపూర్వకంగా చెప్పండి.

ఇక డబ్బు పోయినట్లయితే? వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా కేంద్ర హోంశాఖవారి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వ్రాయాలి. రేపు చూద్దామంటే కుదరదు. ఆ సొమ్ము నిమిషాల్లో చేతులు మారి ఏటీఎం నుండి బయటకు పోతుంది. బ్యాంకులో ఉండగా పట్టుకుంటేనే ఆపగలరు. లావాదేవీకి 12 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, అది, తేదీ, మొత్తం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని చేయండి. బ్యాంకుకు కూడా అప్పుడే తెలపండి. అయితే పిన్ మనమే నొక్కిన లావాదేవీకి బ్యాంకు పూచీపడటం అరుదు. వాట్సాప్ సంభాషణను కోపంతో చెరిపివేయకండి, పోలీసులకు అదే ఆధారం.

చాలా ఇళ్ళలో ఈ ఫిర్యాదు ఆలస్యమవటానికి కారణం సిగ్గు. కొడుకు తిడతాడని తండ్రి, భర్త దెప్పుతాడని భార్య రెండు రోజులు దాచిపెడతారు. తిట్టేవారికి ఒక మనవి: ముందు 1930కు ఫోను చేయండి, మిగతాది తరువాత.

ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకు "సైబర్ సెల్ నుండి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, రుసుము కడితే విడుదల చేస్తాం" అని మరొక ఫోను రావచ్చు. పోలీసులు ఫిర్యాదుకు గాని, సొమ్ము తిరిగి ఇవ్వటానికి గాని ఫోనులో రుసుము అడగరు. ఆ నంబరును కూడా అదే ఫిర్యాదులో చేర్పించండి.