వెలుగు గోడ మీద ఉంటుందిరా

హైదరాబాద్

ఒరేయ్ నానీ,

నువ్వు పంపిన కదిలే దీపం బొమ్మ చూశాను. ముందు మెచ్చుకోలు తీసుకో, తిట్లు తర్వాత. ప్రమిద గీత చక్కగా కుదిరింది. అంచు కాస్త వంకరపోయి అచ్చం మట్టి ప్రమిదలాగే ఉంది. ఎక్కడో డౌన్‌లోడ్ చేసి అతికించకుండా నీ చేత్తో గీశావని చూడగానే తెలిసింది. కానీ ఆ వెలుగేమిటిరా? అది దీపమా, అంబులెన్సు మీద తిరిగే లైటా? మీ అమ్మకి చూపించే ఉంటావు. "బావుంది నాన్నా" అనే ఉంటుంది. నీ విషయంలో అక్క ఎప్పుడూ అంతే. నేను పిన్నిని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ఇంకోటి. అది నాకు వచ్చిన టైము రాత్రి రెండున్నర. పొద్దున్నే కాలేజీకి పోవాల్సినవాడివి! కళ్ళు మండుతున్నప్పుడు ఏ రంగూ సరిగ్గా ఆనదు. ఎంత వేసినా చాల్లేదనిపిస్తుంది, ఇంకా ఇంకా వేస్తూ పోతాం. సరే సరే, మూతి ముడుచుకోకు. ఇష్టమైన పని చేతిలో ఉంటే నిద్ర రాదని నాకు మాత్రం తెలియదా?

ఇక్కడి కబుర్లంటే, అమ్మమ్మ నా దగ్గరే ఉంది. మోకాళ్ళు పట్టేస్తున్నా వినదు. కార్తీకం కదా, తెల్లవారుజామునే లేచి బాల్కనీలో తులసికోట దగ్గర దీపం పెడుతోంది. ఐదో అంతస్తు గాలికి అది నిలవదు. అందుకని అట్టపెట్టె ముక్క ఒకటి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. మా ఆఫీసులో పెళ్ళిళ్ళ హడావిడి మొదలైంది. శుభలేఖ వీడియోలు, పేర్ల చుట్టూ బంగారు మెరుపులు. "ఇంకొంచెం గ్లో పెంచండి మేడమ్" అనే మాట వినని రోజు లేదు. పెంచితే పేర్లు కనబడవని చెప్పడమే సగం ఉద్యోగం అయిపోయింది.

నీకు గుర్తుందో లేదో, నువ్వు రెండో క్లాసులో ఉండగా రాజమండ్రి ఇంట్లో ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోయేది. హాల్లో నేల మీద లాంతరు పెట్టేవాళ్ళం. నువ్వు దాని ముందు బాసింపట్టు వేసుకుని వేళ్ళతో కుక్కనీ, కొంగనీ చేసేవాడివి. అప్పుడు లాంతరు వంక ఎవరూ చూసేవాళ్ళం కాదు. అందరి చూపూ ఎదురుగా సున్నం గోడ మీదే. గడియారం కింద పెచ్చు ఊడిన చోట సన్నటి నీడ ఉండేది, అది ఒక్క రవ్వ కదిలితే మంట ఊగిందని తెలిసేది. నీ బొమ్మలో ప్రమిద ఉంది, మంట ఉంది, గోడ లేదు. చుట్టూ కాటుక నలుపు పోసేశావు. పడటానికి చోటు లేకపోతే వెలుగు ఏం చేస్తుంది పాపం?

ఇది కొంచెం నిదానంగా చదువు. నీ స్క్రీన్ మీద తెలుపుని మించిన వెలుగు లేదు. మంట మధ్యలో నువ్వు తెలుపు వేసేశావు కాబట్టి దాని కథ అక్కడితో సరి, ఇక దాన్ని ఎంత వెలిగించినా వెలగదు. అది మిరుమిట్లు గొలుపుతున్నట్టు కన్ను నమ్మాలంటే పక్కనున్నవి సాక్ష్యం చెప్పాలి. మంట చుట్టూ మెల్లగా పలచబడే కాంతి, ప్రమిద అంచున మెరుపు, వెనక గోడ మీద నారింజ మసక, కింద నీడ. నువ్వేమో వీటన్నిటినీ వదిలేసి మంటనే ఆర్పి వెలిగించావు.

నిన్న అమ్మమ్మ దీపం పక్కన కూర్చుని నీ కోసమని పరీక్షగా చూశాను. వత్తికి ఆనుకుని మొదట్లో సన్నగా నీలం. దాని పైన వత్తి చుట్టూ కాస్త మసక. ఆ పైన అసలు పసుపు, అంచుల్లో నారింజ. నూనెలో మంట తలకిందులుగా ఇంకోటి వెలుగుతోంది. ప్రమిద లోపలి వైపంతా మెరుస్తుంటే బయటి వైపు చీకటి. దీపం కింద చీకటి అన్న సామెతని బొమ్మలు గీసేవాళ్ళు ఉన్నదున్నట్టుగానే తీసుకోవాలి. నీ ప్రమిద కింద నేల కూడా వెలిగిపోతోంది, చూసుకో. రంగు సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నపు ఎండ రంగు 5,500 కెల్విన్ దరిదాపుల్లో ఉంటే, నూనె దీపం, కొవ్వొత్తి లాంటి మంటలది 1,900 దగ్గరే. అంటే బాగా ఎరుపు వైపు. నీ నిమ్మపండు పసుపు తీసెయ్.

అన్నట్టు, ఎవరో ఫ్రెండు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ ఫొటోషాప్ వేసుకున్నావట, అక్క చెప్పింది. అది తీసి పారెయ్ ముందు. దాంతో పాటు ఏ వైరస్ వచ్చి కూర్చుందో నీకేం తెలుసు, ఆ కంప్యూటర్‌లో మీ నాన్న బ్యాంకు పనులు కూడా చేసుకుంటారు. ఈ దీపం చేసిన గింప్ నీకు చాలు. పైసా ఖర్చు లేదు, దొంగతనమూ కాదు. 1995లో బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అని ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు దాన్ని. నీ ఈడువాళ్ళేరా! 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఇంకో సుఖం, ఒకసారి వేసిన బ్లర్‌ని తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తప్పు చేస్తానన్న భయం సగం తగ్గుతుంది.

ఇక పని. అన్నిటికంటే కింద గోడ లేయర్ పెట్టు. నలుపు వద్దు, ముదురు గోధుమ వెయ్. దాని మీద ప్రమిద, ఆ పైన మంట, వేరువేరు లేయర్లలో. మంట లేయర్‌కి మూడు నకళ్ళు తీసుకో. ఒకదానికి గాసియన్ బ్లర్ 10, ఇంకోదానికి 40, మూడోదానికి 120 ఇచ్చి, మూడిటినీ స్క్రీన్ మోడ్‌లో పెట్టు. మొదటిది మంటని అంటుకుని ఉంటుంది, రెండోది చుట్టూ పరుచుకుంటుంది, మూడోది గాల్లో ఉందో లేదో అన్నట్టుంటుంది. నువ్వు ఒక్కటే బ్లర్ వేసి ఊరుకున్నావు, అందుకే మంటకి దూది చుట్టినట్టు వచ్చింది. అసలు వెలుగు మొదట గబగబా తగ్గి, తర్వాత చాలాదూరం సన్నగా సాగుతుంది. ఆ రెండు గుణాలూ ఒక్క బ్లర్‌తో రావు.

బ్లర్ వేసే ముందు ఒక్క క్షణం ఆగు. ఆ లేయర్ సైజు బొమ్మంత ఉందా? "లేయర్ టు ఇమేజ్ సైజ్" నొక్కకపోతే వెలుగు చివర కత్తిరించినట్టు చదరంగా ఆగిపోయే ప్రమాదం ఉంది. నీ దాంట్లో కుడివైపు సరిగ్గా అదే జరిగింది. ఆల్ఫా లాక్ పడి ఉన్నా అంతే, బ్లర్ గడప దాటదు. తర్వాత గోడ మీద పెద్ద గుండ్రటి గ్రేడియెంట్ ఒకటి, నారింజ రంగులో, అదీ స్క్రీన్ మోడ్‌లోనే, బాగా పలచగా. ప్రమిద అంచున సన్నటి గీత. ప్రమిద కింద నీడ. కదలిక సంగతి ఎత్తకుండా ఇక్కడే ఆగి చూడు. కదలకుండానే వెలుగుతున్నట్టు ఉంటే సరే, లేకపోతే కదిలించినా ప్రయోజనం ఉండదు.

ఇప్పుడు అసలు గుట్టు విను. నీ ఫైలు అలా టపటపా కొట్టుకోవడానికి కారణం ఇదీ. గిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రతి లేయరూ ఒక ఫ్రేమ్ అయిపోతుంది. స్క్రీన్ మోడ్‌నీ అది పట్టించుకోదు. నీ నలుపు ఒక ఫ్రేము, ప్రమిద ఒక ఫ్రేము, మంట ఒకటి, వెలుగు ఒకటి. వరసగా వచ్చి మీదపడ్డాయి, అంతే. కాబట్టి మూడు వెలుగుల ఒపాసిటీ, గోడ మీద గ్రేడియెంట్ ఒపాసిటీ కాస్త మార్చు, లేయర్ మెనూలో "న్యూ ఫ్రమ్ విజిబుల్" నొక్కు. కళ్ళకి కనబడేదంతా కలిసి ఒక కొత్త లేయర్ అవుతుంది. దాన్ని దాచేసి, మళ్ళీ మార్చి, మళ్ళీ నొక్కు. పన్నెండు చాలు నేర్చుకోవడానికి. చివర ఫైలుకి నకలు తీసి, అందులో ఈ పన్నెండే ఉంచి మిగతావి తీసెయ్. గింప్ దాచుకునే అసలు ఎక్స్‌సీఎఫ్ ఫైలు మీద మాత్రం చెయ్యి వేశావో, నేను ఊరుకోను!

ఎంత మార్చాలంటావా? గోడ వెలుగు ఒపాసిటీకి ఒక వరస చెబుతాను, రాసుకో: 60, 66, 63, 72, 85, 80, 71, 74, 67, 58, 55, 57. చూశావుగా, ఎక్కుతూ మధ్యలో ఒకసారి జారుతుంది, దిగుతూ ఒకసారి లేస్తుంది. సున్నా జోలికి పోదు. చివరి 57 నుంచి మొదటి 60కి అడుగు చిన్నదే కాబట్టి తిరిగి మొదలైనప్పుడు కుదుపు తెలియదు. ప్రతి ఫ్రేముకీ ఒకే సమయం ఇవ్వకు. లేయర్ పేరు చివర బ్రాకెట్లలో 120 రాసి, దానికి అంటించి ఎమ్, ఎస్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు పెడితే అది 120 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఒకదానికి 80, ఒకదానికి 150, అలా మార్చు. గిఫ్ సమయాన్ని సెకనులో నూరో వంతుల్లో లెక్కపెడుతుంది, అందుకే సున్నాతో ముగిసే అంకెలే వాడు. మరీ 10 అని పెట్టావనుకో, బ్రౌజర్లు దాన్ని నమ్మక 100 చేసేస్తాయి.

ఈ హెచ్చుతగ్గుల గురించి నాకు నచ్చిన కథ ఒకటుంది. 1982లో "ట్రాన్" అని డిస్నీ సినిమా వచ్చింది. అందులో మనుషుల బట్టల మీద గీతలన్నీ వెలుగుతుంటాయి. కంప్యూటర్‌తో చేసింది అనుకుంటారు కానీ ఆ గీతల్లో వెలుగు చేత్తో చేసిందే. ఒక్కో ఫ్రేమునీ పెద్ద ఫిల్ము మీద వేసి, వెనక నుంచి రంగు ఫిల్టర్ల గుండా లైటు పంపి, మళ్ళీ ఫొటో తీశారు. ఫిల్ము డబ్బాలు తయారైన వరసలో వాడకపోవడంతో కొన్నిచోట్ల వెలుగు ఉన్నట్టుండి హెచ్చీ తగ్గీ వచ్చింది. మళ్ళీ మొదటినుంచి తీసే ఓపిక ఎవరికుంటుంది? ఆ లోకంలో కరెంటు అలాగే ఉంటుందన్నట్టు దానికో శబ్దం జోడించి వదిలారు. అలాగని నువ్వు ఇష్టమొచ్చినట్టు మినుకుమనిపించకు.

ఎందుకంటున్నానంటే, కార్తీక పౌర్ణమికి మీ వీధి శివాలయంలో ఎల్ఈడీ స్క్రీన్ మీద వేస్తారని రాశావు. వాట్సాప్‌లో చిన్న బొమ్మగా చూడటం వేరు, చీకట్లో గోడంత స్క్రీన్ మీద వేరు. 365 వత్తులు వెలిగించడానికి వచ్చిన ముసలివాళ్ళు, చంకలో పిల్లలు అక్కడే ఉంటారు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి వేశారు. ఎరుపు, నీలం రంగులు సెకనుకి 12 సార్లు మారుతూ తళతళలాడాయి. దాదాపు 685 మందిని ఆస్పత్రులకు తీసుకెళ్ళారు, ఎక్కువమంది పిల్లలే. వెబ్ పేజీలకి పెట్టుకున్న ప్రమాణాల్లో కూడా సెకనుకి మూడుకి మించి తళుకులు ఉండకూడదని రాశారు. నువ్వు పంపింది అంతకంటే ఎక్కువే కొడుతోంది. భయపెట్టాలని కాదు నాన్నా, నీ బొమ్మ చూసి ఎవరికీ కళ్ళు తిరగకూడదు కదా.

గోడ మీద వెలుగు వలయాలు వలయాలుగా విరిగిపోతే కంగారుపడకు. గిఫ్‌కి ఒక్కో ఫ్రేములో 256 రంగులే. 1987లో కంప్యూసర్వ్ కంపెనీ దాన్ని తెచ్చినప్పుడు అవే గొప్ప. మన గోధుమ నుంచి నారింజకి జారే మెట్లన్నీ అందులో పట్టవు. గోడ లేయర్‌కి ముందే కొంచెం నాయిస్ కలుపు, ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి మార్చేటప్పుడు డిథరింగ్ పెట్టు, వలయాలు చెదిరిపోతాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు "యాజ్ యానిమేషన్" దగ్గర టిక్ మరిచిపోకు. పారదర్శక బ్యాక్‌గ్రౌండ్ కావాలన్న సరదా మాత్రం వద్దు. గిఫ్‌లో చుక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, సగం కనబడటం దానికి రాదు. మెత్తటి వెలుగు అంచులన్నీ రంపపు పళ్ళు అవుతాయి. గుడివాళ్ళు వీడియో అడిగితే ఎమ్‌పీ4 చేసి ఇవ్వు. వాట్సాప్ ఎలాగూ గిఫ్‌ని వీడియోగా మార్చుకునే పంపుతుంది.

గోదావరిలో అరటి దొప్పల దీపాలు కూడా పెడతానన్నావు, నీళ్ళలో వాటి నీడలతో సహా. ఈ ఏడాదికి ఆ ఆలోచన కట్టిపెట్టు. అలల మీద వెలుగు ముక్కలై పొడుగ్గా సాగుతుంది, ఒక్కో ముక్కదీ ఒక్కో నడక. ఇంకా గోడే రాలేదు, నది ఎందుకురా? సంక్రాంతి సెలవుల్లో ఇక్కడికి వస్తే ఇద్దరం కూర్చుని చేద్దాం.

ఆదివారం లోపు ఎక్స్‌సీఎఫ్ ఫైలు పంపు, గిఫ్ వద్దు. లేయర్లకి పేర్లు పెట్టి మరీ పంపు, "లేయర్ 14 కాపీ కాపీ" అని ఉంటే తెరవను కూడా తెరవను. రాత్రి పదకొండు దాటాక పంపినా తెరవను. ఉసిరికాయ పచ్చడి ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపమని అక్కకి చెప్పు, అమ్మమ్మ అడుగుతోంది.

ప్రేమతో,
పిన్ని