పర్మనెంట్: గుర్తుల్లేని నిర్ధారకం
నిర్ధారకం అందరికీ తెలుసు. దాని తోబుట్టువు పర్మనెంట్‌ను 1812లో బినే, కోషీ పరిచయం చేశారు. విస్తరణలో గుర్తులు మారవు, అన్నీ కూడికలే. వరుసలు (1, 2), (3, 4) అయితే నిర్ధారకం −2, పర్మనెంట్ 10.

తేలికే అనిపిస్తుంది గానీ, మాత్రిక పెద్దదైతే కంప్యూటర్‌కూ కొరకరాని కొయ్యే. 0, 1లే ఉన్న మాత్రికకైనా దీని లెక్కింపు ‘షార్ప్-పి కంప్లీట్’ (లెక్కింపు సమస్యల్లో అత్యంత కఠినమైన వర్గానికి చెందినది) అని 1979లో లెస్లీ వాలియంట్ నిరూపించారు.

ప్రతి అడ్డువరుస, నిలువువరుస మొత్తం 1 అయ్యే రుణేతర మాత్రికల్లో కనిష్ఠ పర్మనెంట్ ఎంత? 1926 నాటి వాన్ డెర్ వార్డెన్ ప్రశ్న ఇది. 3×3కు జవాబు 2/9. సాధారణ నిరూపణకు ఎగోరిచెవ్, ఫాలిక్‌మన్ 1982లో ఫుల్కర్సన్ బహుమతి అందుకున్నారు.

ద్విభాగ గ్రాఫ్‌లో సంపూర్ణ జతల లెక్కింపు, క్వాంటమ్ రంగంలో బోసాన్ శాంప్లింగ్ పర్మనెంట్ ముఖ్య ఉపయోగాలు.