ఎంపిక ఎందుకు తప్పుతుంది? బాస్కెట్‌బాల్ ఆట నేర్పే పాఠము



జూన్ మాసము వచ్చిందంటే మన యువకులలో ఒక పెద్ద చర్చ మొదలవుతుంది. చికిటి, బరంపురం ప్రాంతముల నుండి బ్రతుకుతెరువు కోసము సూరత్‌కు, హైదరాబాదుకు, ఇంకా దూరదేశములకు వెళ్లిన మన కుటుంబముల పిల్లలు కొందరు అమెరికా బాస్కెట్‌బాల్ పోటీలను ఫోనులలో శ్రద్ధగా చూస్తున్నారు. ఈ యేడు ఏ జట్టు ఏ కుర్రవానిని తీసుకొంటుంది, వారిలో ఎవడు రాణిస్తాడు, ఎవడు ‘ఫ్లాప్’ అవుతాడు అని గంటల తరబడి వాదించుకొంటారు. పెద్దలకు ఇది పనిలేని మాటగా తోచవచ్చును. మేము మాత్రము దీనిని ఒక పాఠముగా తీసుకొనదలచాము. ఎందుకనగా ఒక మనిషిని ఎంచుకొని, అతనిపై ఆశ పెట్టుకొని, ఆ ఆశ నెరవేరకపోతే “వీడు పనికిరాడు” అని తీర్పు చెప్పడము ఆటలో మాత్రమే లేదు. మన ఇండ్లలోను ఉన్నది.

పాఠము ఉద్దేశము: ఒక ఎంపిక విఫలమైనప్పుడు కారణమును ఎంపికైనవానిలోనే గాక, ఎంచినవారిలోను, వారు అతనికి కల్పించిన పరిస్థితులలోను వెదకడము నేర్చుకొనుట.

1. ఎంపిక జరిగే పద్ధతి

ఎన్.బి.ఎ. అనే ఆ పోటీలో 30 జట్లు ఉన్నాయి. ప్రతి యేటా కొత్త ఆటగాండ్రను ఈ జట్లు వరుసక్రమములో ఎంచుకొంటాయి. దీనినే ‘డ్రాఫ్ట్’ అంటారు. రెండు విడతలలో సాధారణముగా 60 మందిని తీసుకొంటారు. ఆ యేట బాగా ఓడిన జట్లకు ముందుగా ఎంచుకొనే అవకాశము ఇస్తారు. బలహీనులు బలపడాలని దీని భావము. అయితే మొదటి స్థానము కోసము ఎవరూ కావాలని ఓడిపోకూడదని 1985 నుండి లాటరీ పద్ధతి పెట్టారు. 2019లో నిబంధన మార్చి, అందరికంటె వెనుకబడిన మూడు జట్లకు మొదటి స్థానము దక్కే అవకాశమును ఒక్కొక్క దానికి 14 శాతము చేశారు. అంతకుముందు అన్నిటికంటె చివరి జట్టుకు 25 శాతము ఉండేది.

ఇక్కడ గమనించవలసిన విషయము ఒకటి. ఎంపికయ్యే నాటికి చాలామంది కుర్రవాండ్రకు 19, 20 యేండ్లే ఉంటాయి. వారు చేసి చూపినది కొంచెము, చేయబోయేది అంతా ఇతరుల ఊహ. ఎత్తును కొలవవచ్చును, చేతుల పొడవును కొలవవచ్చును, ఎంత పైకి ఎగురుతాడో కొలవవచ్చును. దెబ్బ తగిలిన తరువాత మళ్లీ లేచే ఓర్పును కొలిచే బద్ద ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు.

2. అవసరము చూచి యోగ్యతను దాటిపోవడము

మన యువకుల వాదనలో తప్పక వచ్చే పేరు శామ్ బౌవీ. 1984 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ జట్టు మొదట హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకొన్నది. రెండవ వంతు పోర్ట్‌లాండ్‌ది. వారు బౌవీని తీసుకొన్నారు. మూడవ వంతు వచ్చిన షికాగో జట్టు మైఖేల్ జోర్డాన్‌ను తీసుకొన్నది. జోర్డాన్ ఆ జట్టుకు ఆరు ఛాంపియన్‌షిప్పులు తెచ్చిపెట్టాడు.

పోర్ట్‌లాండ్ వారు తెలివితక్కువవారా? కాదు. జోర్డాన్ ఆడే స్థానములో వారికి అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ వంటి మంచి ఆటగాడు ఉన్నాడు. వారికి లేనిది పొడగరియైన సెంటర్ ఆటగాడు. లేనిదానిని తెచ్చుకొన్నారు. కాని బౌవీ కాలేజీలో ఉండగానే కాలి ఎముక గాయము వలన రెండు సీజన్లు పూర్తిగా ఆడలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తరువాత ఆ కాళ్లే మళ్లీ మళ్లీ విరిగాయి. అయినను అతడు 1995 వరకు ఆడుతూనే ఉన్నాడు. ఇంత ఓర్పు గలవానిని ‘విఫలుడు’ అనడము సబబేనా? జోర్డాన్‌కు ముందు నిలబెట్టమని బౌవీ ఎవరినీ అడగలేదు.

అదే పోర్ట్‌లాండ్ జట్టు 2007లో మొదటి స్థానములో గ్రెగ్ ఓడెన్ అనే పొడవాటి కుర్రవానిని తీసుకొన్నది. రెండవ స్థానములో సియాటిల్ జట్టు కెవిన్ డ్యురాంట్‌ను తీసుకొన్నది. ఓడెన్‌కు మోకాలి శస్త్రచికిత్స జరిగి మొదటి సీజను అంతా పోయినది. ఎన్.బి.ఎ.లో అతడు ఆడినవి మొత్తము 105 ఆటలు మాత్రమే. మోకాలు విరగడము గుణములోని లోపము కాదు.

3. నిండిన ఇంటిలో చోటు లేకపోవడము

2003 డ్రాఫ్ట్‌లో లెబ్రాన్ జేమ్స్ తరువాత రెండవ స్థానము డెట్రాయిట్ జట్టుది. వారు సెర్బియా దేశపు కుర్రవాడు డార్కో మిలిచిచ్‌ను తీసుకొన్నారు. అతనికి అప్పుడే 18 నిండాయి. అతని తరువాత వరుసగా ఎంపికైనవారు కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్. ముగ్గురూ పేరు పొందారు.

డెట్రాయిట్ అప్పటికే బలమైన జట్టు. మరుసటి యేడు 2004లో ఛాంపియన్ కూడా అయినది. అటువంటి జట్టులో భాష సరిగా రాని, ఇల్లు విడిచి వచ్చిన 18 యేండ్ల పిల్లవానికి ఆడే చోటు ఎక్కడ? ఎక్కువ కాలము బెంచీ మీద కూర్చున్నాడు. 2006లో అతనిని వేరే జట్టుకు పంపివేశారు. తరువాత స్వదేశము వెళ్లి పండ్లతోటలు వేసుకొన్నాడు. పరదేశములో మొదటి యేడు ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

4. నారు, మడి, కాలము

మన చికిటి రైతులకు తెలిసిన మాట ఒకటి చెప్పుకొందాము. ఒకే నారుమడిలోని నారును రెండు పొలములలో నాటితే పంట ఒకే తీరుగా రాదు. నీరు, ఎరువు, కలుపుతీత, అన్నిటికి మించి కాలము కావలెను.

2013లో క్లీవ్‌లాండ్ జట్టు మొదటి స్థానములో ఆంథొనీ బెన్నెట్‌ను తీసుకొని, సంవత్సరము తిరగగానే మరొక జట్టుకు మార్చివేసినది. అదే యేట 15వ స్థానములో మిల్వాకీ జట్టు యానిస్ అంటెటోకౌంపోను తీసుకొన్నది. ఈ యానిస్ నైజీరియా నుండి గ్రీసు దేశమునకు వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. ఏథెన్స్ వీధులలో అన్నదమ్ములతో కలిసి వాచీలు, కళ్లద్దాలు అమ్మినవాడు. గ్రీసులోనే పుట్టినా అతనికి అక్కడి పౌరసత్వము 2013లో గాని రాలేదు. మొదటి సీజనులో అతని సగటు ఏడు పాయింట్లు కూడా లేదు. అయినను జట్టు ఓపిక పట్టినది, ఆడనిచ్చినది. 2019, 2020లలో అతడు అత్యుత్తమ ఆటగాడు అనిపించుకొన్నాడు. 2021లో మిల్వాకీ ఛాంపియన్ అయినది.

2014లో డెన్వర్ జట్టు నికోలా యోకిచ్‌ను 41వ స్థానములో ఎంచుకొని, వెంటనే రమ్మనకుండా ఇంకొక యేడు స్వదేశములోనే ఆడనిచ్చినది. అతడు మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు, 2023లో జట్టును గెలిపించాడు. బెన్నెట్‌కు ఇంత ఓపిక దొరికియుంటే యానిస్ అయ్యేవాడని మేము అనడము లేదు. ఒకరికి దొరికిన కాలము మరొకరికి దొరకలేదని మాత్రమే చెప్పుచున్నాము.

5. మన దేశపు కుర్రవాడు

పంజాబులోని బల్లో కే అనే చిన్న పల్లెలో రైతుబిడ్డ సత్నామ్ సింగ్. ఏడు అడుగులు దాటిన ఎత్తు. లూధియానా అకాడమీలో ఆట నేర్చుకొని, 2010లో, 14 యేండ్లకే, స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లాడు. 2015లో డల్లాస్ జట్టు 52వ స్థానములో అతనిని ఎంచుకొన్నది. భారతదేశములో పుట్టినవారిలో ఎన్.బి.ఎ. డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతడే. దేశమంతా సంతోషించినది. కాని ఎన్.బి.ఎ. సీజనులో ఒక్క ఆట కూడా ఆడలేదు. డల్లాస్‌కు అనుబంధముగా ఉన్న చిన్న జట్టులో కొంతకాలము ఆడాడు.

కారణము అతని బద్ధకమా? ఆ యేడు ఫైనల్స్ చూచినవారికి ఒక సంగతి గుర్తుండవచ్చును. గోల్డెన్ స్టేట్ జట్టు తన పొడవాటి సెంటర్‌ను ప్రక్కన పెట్టి, పొట్టివారైన చురుకు ఆటగాండ్రతో ఆడి గెలిచినది. దూరము నుండి బుట్టలో వేసేవారికి, వేగముగా కదిలేవారికి విలువ పెరుగుచున్న కాలమది. ఎత్తు చూచి పెంచిన పిల్లవాడు చేతికి వచ్చేసరికి ఆటే మారుతున్నది. టైపు నేర్చుకొన్నవాడు ఉద్యోగమునకు వెళ్లేసరికి కంప్యూటర్ వచ్చినట్లు.

అయినను లెక్క ఇంకొక విధముగా చూడండి. 52వ స్థానము నుండి వచ్చినవారిలో చాలామంది నిలబడరు. అతని విషయములో పెద్దదైనది ఎంపిక కాదు, మన ఆశ. కోట్లమంది ఆశను ఒక్కని భుజము మీద పెట్టి, మోయలేదని అతనినే అనడము న్యాయము కాదు.

6. మనకు దగ్గరి ఉదాహరణ

ఇది అమెరికా సంగతి మాత్రమే అనుకోవద్దు. 2008లో ఐ.పి.ఎల్. క్రికెట్ మొదటి వేలములో హైదరాబాదు వారి దక్కన్ ఛార్జర్స్ జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నది. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, రోహిత్ శర్మ కూడా అదే జట్టు. ఆ యేడు ఎనిమిది జట్లలో వారిది ఎనిమిదవ స్థానము. “కొన్నవన్నీ వృథా” అన్నారు. 2009లో దక్షిణ ఆఫ్రికాలో జరిగిన పోటీలలో గిల్‌క్రిస్ట్ నాయకత్వములో ఆ జట్టే ఫైనల్లో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచినది. ముఖ్యమైన ఆటగాండ్రలో చాలామంది పాతవారే. మొదటి యేడు చివర చెప్పిన తీర్పు రెండవ యేడు చివర నిలువలేదు.

7. మన ఇండ్లలో జరిగే ఎంపిక

ఇప్పుడు అసలు మాటకు వద్దాము. వలస వెళ్లిన ప్రతి కుటుంబములోను ఒక డ్రాఫ్ట్ ఉంటుంది. ముగ్గురు పిల్లలలో ఒకనిని ఎంచుకొంటాము. “వీడు చురుకైనవాడు, వీనిని చదివిద్దాము” అంటాము. పొలము తాకట్టు పెట్టి, తల్లి మెడలోని బంగారము కుదువపెట్టి హైదరాబాదు కోచింగుకో, స్పోర్ట్స్ హాస్టలుకో పంపుతాము. అన్న సూరత్‌లో పవర్‌లూము దగ్గర రాత్రి షిఫ్టు చేసి తమ్మునికి ఫీజు కడతాడు. అక్క చదువు అక్కడితో ఆగుతుంది. ఆ తరువాత ర్యాంకు రాకపోతే, జట్టులో పేరు లేకపోతే, “ఏమిరా, నీకోసము ఇంత చేస్తే ఇదా?” అని అడుగుతాము.

మన తాతల కాలములో రంగూన్ వెళ్లే కూలీలకు మేస్త్రీలు ముందుగా అడ్వాన్సు ఇచ్చేవారు. అడ్వాన్సు తీరేవరకు ఆ మనిషి మేస్త్రీ లెక్కలోనివాడు. కన్నబిడ్డను ఆ లెక్కలో చూడవచ్చునా? పండుగకు ఇంటికి రావడానికి ముఖము చెల్లక పరాయి ఊరిలోనే ఉండిపోయిన పిల్లలను మేము ఎరుగుదుము. వారు చేసిన నేరము ఏదీ లేదు. ఎవరో వేసిన అంచనా తప్పినది, అంతే.

పిల్లవానికి బాధ్యత లేదని మా భావము కాదు. శ్రమ చేయనివానిని శ్రమ చేయమని చెప్పవలసినదే. కాని చెప్పేముందు మనము మూడు సంగతులు చూచుకోవలెను. వాని ఇష్టము, శరీరము చూచి ఎంచామా, లేక మనకు లేనిది చూచి ఎంచామా? పంపిన చోట వానికి నిలబడే తావు ఉన్నదా? తగిన కాలము ఇచ్చామా?

బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎమ్.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఆయన తరగతిలో 18 మంది విద్యార్థులు ఉన్నారు. పండ్లబుట్టలు రెండు బాల్కనీ కమ్మీకి కొట్టించి, తొమ్మిదేసి మందిగా విడదీసి 18 మందినీ ఆడించాడు. ఆ మొదటి ఆటలో బెంచీ మీద మిగిలినవాడు ఒక్కడూ లేడు. జట్టు యజమాని కొందరినే తీసుకోగలడు. ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు మాత్రము తమ తరగతిలోని అందరికీ చోటు చూపవలెను.

చర్చకు ప్రశ్నలు (ఇంటిలో పెద్దలు, పిల్లలు కలిసి మాట్లాడుకొనుటకు)

1. బౌవీ, ఓడెన్, డార్కో: ఈ ముగ్గురిలో ఎవరి విషయములో ఎంచినవారు ముందే తెలిసికొనదగిన సంగతి ఉన్నది? ఎవరి విషయములో లేదు?

2. యానిస్, యోకిచ్‌లకు వారి జట్లు ఇచ్చినది ఏమిటి? మన ఇంటిలో అది ఎవరికి ఇస్తున్నాము, ఎవరికి ఇవ్వడము లేదు?

3. మీ కుటుంబములో ఎంపిక కానివారు ఎవరు? వారు మానుకొన్న చదువు, చేసిన త్యాగము ఎప్పుడైనా నోటితో చెప్పుకొన్నామా?

4. ముఖము చెల్లక ఇంటికి రాని బిడ్డ మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా? ఈ వారములో వానికి ఫోను చేయండి. ర్యాంకు సంగతి, జీతము సంగతి అడుగకండి. భోజనము చేశావా అని అడగండి.