గల్ఫ్ వలసలు: ఎవరి బాధ్యత ఏమిటి?

పోటీ పరీక్షల ప్రత్యేకం

చట్టం: వలసల చట్టం, 1983. 1922 నాటి చట్టం స్థానంలో వచ్చింది.
రాజ్యాంగం: విదేశీ వలసలు, పాస్‌పోర్టులు, వీసాలు కేంద్ర జాబితా 19వ అంశం, అంతర్రాష్ట్ర వలసలు 81వ అంశం. (ఈ రెండూ తారుమారు చేసి అడుగుతారు.)

బాధ్యులు
- ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రంట్స్: సెక్షన్ 3 కింద నియామకం. విదేశాంగ శాఖ పరిధి.
- రిక్రూటింగ్ ఏజెంట్: సెక్షన్ 10 ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి.
- విదేశీ యజమాని: సెక్షన్ 16 ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంట్ ద్వారా గానీ, పర్మిట్ పొంది గానీ నియమించుకోవాలి.
- కార్మికుడు: సెక్షన్ 22 కింద వలస అనుమతి పొందాలి.

కఫాలా: గల్ఫ్ స్పాన్సర్‌షిప్ విధానం. కార్మికుడి నివాస అనుమతి యజమాని (కఫీల్) చేతిలో ఉంటుంది. ఉద్యోగం మారడానికి యజమాని అంగీకారపత్రం అవసరం లేకుండా ఖతార్ 2020లో సవరించింది.

గుర్తుంచుకోండి
- ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) దేశాలు: 18. పదో తరగతి పాసైతే సాధారణంగా ఈసీఆర్ వర్తించదు.
- ఈసీఆర్ పాస్‌పోర్టుపై ఉద్యోగానికి వెళ్లే మహిళల కనీస వయసు: 30 ఏళ్లు.
- ప్రవాసీ భారతీయ బీమా యోజన: రూ.10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375.
- ప్రభుత్వ రిక్రూటింగ్ సంస్థలు: తెలంగాణ – టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ – ఓమ్‌క్యాప్.
- వలస కార్మికులపై ఐరాస ఒడంబడిక: ఆమోదం 1990 డిసెంబరు 18, అమలు 2003 జులై 1. భారత్ ధ్రువీకరించలేదు.
- అంతర్జాతీయ వలసదారుల దినోత్సవం: డిసెంబరు 18. ప్రవాసీ భారతీయ దివస్: జనవరి 9.

అడిగే అవకాశం: సెక్షన్లు 3, 10, 16, 22 జతపరచడం.