తాంబూలాలకు ముందే చెప్పండి

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేసి ఏ గ్రేడ్ తెచ్చుకున్నాను. శ్రావణంలో తాంబూలాలు, మాఘంలో పెళ్ళి. మధ్యలో 28 రోజుల అడ్వాన్స్ కోర్సుకు సీటొచ్చింది. అబ్బాయి వెళ్ళమంటున్నాడు గానీ, ‘మా అమ్మకి ఆఫీసు పని మీద ఢిల్లీ అని చెబుదాం’ అంటున్నాడు. మా అమ్మేమో మూడుముళ్ళూ పడేదాకా కొండల మాటే ఎత్తొద్దంటోంది. మంచులో ముఖం నల్లబడితే పెళ్ళి ఫొటోలు పాడవుతాయని ఆవిడ బెంగ. ఏం చేయను?
– ఓ సోదరి, హనుమకొండ

జవాబు: వెళ్ళండి. ముందు మీ అమ్మగారి బెంగ తీర్చేద్దాం. మంచు మీద పడ్డ ఎండ కింది నుంచి కూడా కాలుస్తుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కుపుటాల అంచుల్లో కూడా రాసుకోండి. కమిలినా మాఘానికల్లా తేరుకుంటారు.

నాకు ఒళ్ళు మండింది ఆ ‘ఢిల్లీ’ దగ్గర. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తూనే ఉన్నాయి. అన్నిట్లోనూ పెద్దల సలహా ఒకటే: పెళ్ళయ్యాక మెల్లగా చెప్పొచ్చులే! అప్పుడెంత మెల్లగా చెప్పినా దాన్ని మోసమనే అంటారు. మీరు కొండెక్కిన సంగతి అత్తగారు నాలుగు రోజుల్లో మర్చిపోతారు, ఢిల్లీ అని చెప్పిన సంగతి మర్చిపోరు. అమ్మకే నిజం చెప్పలేని అబ్బాయి రేపు మీ తరఫున ఏం మాట్లాడతాడు? అతన్ని కూర్చోబెట్టి అడగండి. ఏడాదికి ఎన్ని రోజులు కొండలకి, ఎంత ఖర్చు, పిల్లలు పుట్టాక సంగతేమిటి, అన్నీ ఇప్పుడే తేలాలి.

ప్రమాదమేమీ లేదని మాత్రం బుకాయించకండి. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణాలు వదిలాడు. మీ కాబోయే మామగారికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. అందుకే ఈ కోర్సు అని చెప్పండి. జారితే ఐస్ యాక్స్ గుచ్చి ఎలా ఆగాలో, మంచు పగుల్లో పడ్డ మనిషిని తాడుతో ఎలా పైకి లాగాలో నేర్పేది అక్కడే.

చెప్పడంతో సరిపెట్టకండి, చూపించండి. పదమూడేళ్ళకే, 2014లో ఎవరెస్టెక్కిన మలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది భువనగిరి గుట్ట మీద. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లు. ఓ ఆదివారం పులిహోర కట్టుకుని రెండు కుటుంబాలూ వెళ్ళండి. శిక్షకుల్ని పక్కన ఉంచుకుని, అబ్బాయి నడుముకి హార్నెస్ బిగించి గుట్ట ఎక్కించండి, కింద తాడు మీరు పట్టుకోండి. కాలు జారిన కొడుకు కోడలి చేతిలో తాడుకి వేలాడుతూ క్షేమంగా ఆగడం మీ అత్తగారు కళ్ళారా చూస్తే, మీరు గంట మాట్లాడాల్సిన పని ఉండదు.

ఇంకో మాట. చాలా ప్రమాద బీమా పాలసీల్లో పర్వతారోహణకు మినహాయింపు ఉంటుంది, మీది తీసి చదవండి. టర్మ్ పాలసీ ఫారంలో ఇలాంటి అభిరుచులున్నాయా అని అడుగుతారు, దాస్తే రేపు క్లెయిమే తిరస్కరించొచ్చు. బీమా కంపెనీకి చెప్పక తప్పని నిజాన్ని అత్తగారి దగ్గర దాస్తారా?

ప్రశ్న: నిశ్చితార్థం ఉంగరం తీస్తే అశుభమంటున్నారు. పెట్టుకునే రాక్ క్లైంబింగ్ చేయొచ్చా?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: బీరువాలో పెట్టి వెళ్ళండి. ఉంగరం రాతి సందులో ఇరుక్కుంటే వేలే ఊడొస్తుంది, అంతకన్నా అశుభం ఏముంటుంది?

ప్రశ్న: హనీమూన్‌కి మనాలీ అని చెప్పి, అట్నుంచి అటే బైక్ మీద ఖార్దుంగ్ లా తీసుకెళ్ళి కాబోయే భార్యకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నాను. తను బైక్ మీద దూరం వెళ్ళింది లేదు. బాగుంటుందా?
– ఓ బైకర్, విజయవాడ

జవాబు: బాగుండదు. లేహ్ ఊరే దాదాపు 11,500 అడుగుల ఎత్తు, ఖార్దుంగ్ లా 17,500 పైచిలుకు. ఒంటికి ఆ గాలి అలవాటయ్యేదాకా ఆగి ఆగి ఎక్కాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి పోకూడదు, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. కొత్త పెళ్ళికూతురు ఏం చేస్తుంది? మొగుడి సరదా పాడవుతుందని తలనొప్పి బయటపెట్టదు. ఆ ఎత్తులో అలా ఓర్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇవాళే చెప్పండి. సరేనంటే మంచి హెల్మెట్ కొనిచ్చి, ముందు నాగార్జునసాగర్ దాకా వెళ్ళిరండి. నడుం పట్టేసిందో, ఇంకా వెళ్దామందో తేలిపోతుంది. వద్దంటే ఊటీకి టికెట్లు తీయండి. లద్దాఖ్‌కి మీ స్నేహితులతో వెళ్ళండి, ఆమెకి చెప్పే!