అరకులో నొక ఆదివారము: 'ఏఱు' అను మాట

అరకులోయ విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమలలో, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022 సం. ఏప్రిలు 4 వ తేదీనుండి యిది పాడేరు ముఖ్యపట్టణముగాగల అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బైలదిల్లా యినుపరాతిని విశాఖరేవునకు దింపుటకై 1960 దశకమున వేయబడిన రైలుమార్గము ఏబదికి మించిన సొరంగముల గుండ నీ కొండలను దాటును. ఆ సొరంగములను మా పిల్లలు లెక్కింప నారంభించి, ఇరువదిదాక వచ్చి, తగవుపడి మానుకొనిరి. బొఱ్ఱా గుహలను గూర్చియు కాఫీతోటలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది గలరు. కావున వానిని విడిచి, మే మచ్చట గడపిన యొక ఆదివారమున వినిన భాషలను గూర్చి చెప్పెదము.

కొండలమీద నున్నది 'కోయభాష' యొక్కటేయని మైదానమువారు తలంతురు. తమ కర్థముగాని దెల్ల వారికి కోయభాషయే. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, ఖోందులు, గదబలు అచ్చట నిరుగుపొరుగున నివసింతురు. సంతలో గలసికొన్నప్పుడు ఆదివాసీ ఒడియాగాని తెలుగుగాని వాడుదురు. ఇంటిమాట వేఱు. ఖోందులది కువి. కొండదొరలలో గొందఱిది కుబి. దీనినే కొండభాష యనియు నందురు. తక్కిన కొండదొరలలో ననేకులు దీనిని విడిచి తెలుగును గైకొనిరి. ఈ కువియు కుబియు మన తెలుగునకు తోబుట్టువులు, ద్రావిడభాషలలో నొకే శాఖకు జెందినవి. గదబలలో గుతోబు పలుకువారి సంగతి మఱింత వింత. అది ముండా కుటుంబములోని భాష. దూరపు జుట్టఱికమున కంబోడియాదేశపు ఖ్మేరునకు బంధువుగాని, ప్రక్కయింటి తెలుగునకు గాదు.

ఆ ఆదివారము ఉదయమున మా బసకు రెండుమైళ్లలోనున్న యొక పల్లెలో ఆరాధనకు బోయితిమి. గుడి చిన్నది, రేకులకప్పు, అలికిన నేల. గంటకు మాఱుగా రైలుపట్టాముక్క వ్రేలాడుచుండెను. చెప్పులు వెలుపల విడిచి, పురుషు లొకప్రక్కను స్త్రీ లొకప్రక్కను చాపలపై గూర్చుండిరి. కీర్తనలు తెలుగున బాడిరి. వాక్యము తెలుగున జదువబడెను. ఉపదేశిగారు ప్రసంగమును తెలుగున నారంభించి, ముఖ్యమైన చోటులలో కుబిలోనికి దిగుచుండిరి. అట్లు దిగినప్పుడెల్ల ముసలివారి తలలు పైకి లేచుచుండెను. తుదను ప్రార్థనచేయ గోరబడిన యొక వృద్ధురాలు కుబిలోనే చాలసేపు ప్రార్థించెను. ప్రక్కనున్న మనుమరాలు, పదియేండ్లది, కన్నులు మూసికొనక మావైపే చూచుచుండెను.

తరువాత నంబలి యిచ్చి మర్యాదచేసిరి. "అయ్యగారూ, మా ముసలమ్మలకు తెలుగు రాదనికాదు. తెలుగున బ్రార్థించినచో దేవునికి వినబడునుగాని తమకు వినబడదందురు" అని ఉపదేశిగారు నవ్వుచు జెప్పిరి. మనుమరాలికి అవ్వమాట యర్థమగునట. బదులుమాత్రము తెలుగుననే చెప్పును. బడిలో తెలుగు, ఆటలో తెలుగు. ఆ పిల్ల బిడ్డలకు కుబి అర్థమైనను గాకపోవచ్చును.

అవ్వ మా చిన్నదానికి చెంబుతో నీళ్లిచ్చుచు నొకమాట పలికెను. చెంబులోనికి ఏఱు వచ్చుట యెట్లని మా చిన్నది నవ్వెను. కుబిలో ఏఱు అనగా నీరు. గోండిలో ఏర్, కువిలో ఏయు, అన్నియు నీరే. మన తెలుగుననే ఆ మాట నదియై పాఱినది. అరవమున ఆఱు అనినను నదియే.

అంతకన్న విశేష మొకటి గలదు. విద్యార్థులారా, శకటరేఫమును నేర్పునప్పుడు మీరు మమ్మెంత తిట్టుకొందురో మే మెఱుగుదుము. ఏఱు, ఱాయి అని వ్రాసి, ఏరు, రాయి అనియే మన మందఱము పలుకుచున్నాము. మన నోట నా భేదము నశించి శతాబ్దములు గడచినవి. కుబి పలుకువారు ఆ రెండు రేఫములను నేటికిని వేఱువేఱుగ నుచ్చరింతురు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున నీ భాషను విని పరిశోధించి, 1969 లో బ్రకటించిన గ్రంథమున దీనిని వివరించిరి. మేము అవ్వచేత నామాట నాలుగైదుసారులు పలికించితిమి. ఆమె విసుగుకొనలేదు. మనుమరాలు మాత్రము విస్తుపోయి చూచెను. తన అవ్వమాటను నేర్చికొనుటకు వచ్చినవారిని ఆ పిల్ల యంతకుముందు చూచియుండలేదు కాబోలు.

ఇట్టి పనికి బూర్వులు లేకపోలేదు. ఈ కొండలదిగువ సాలూరున నుండిన జర్మను మిషనరీ షుల్జెగారు కువి వ్యాకరణమును 1911 లో బ్రకటించిరి. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో సవరలభాష నేర్చి, వారి పిల్లలకు బడులుపెట్టి, పుస్తకములు వ్రాసి, 1931 లో వ్యాకరణమును 1938 లో నిఘంటువును వెలువరించిరి. (వాడుకభాషకై పోరాడిన ఆయన మా యీ వ్యాసపుభాషను జూచినచో నేమనియుందురో!) 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కువి, కొండ, సవర మొదలగు నెనిమిది భాషలకు తెలుగులిపిలో వాచకములు చేయించి, కొన్ని బడులలో బ్రవేశపెట్టెను.

మధ్యాహ్నమున 1996 లో నెలకొల్పబడిన గిరిజన ప్రదర్శనశాలను జూచితిమి. నాగళ్లు, వలలు, నగలు చక్కగ నమర్చిరి. మాటలకు మాత్రమచ్చట బీరువా లేదు. సాయంకాలమున ధింసా నృత్యము. స్త్రీలు ఒకరి వీపువెనుక నొకరు చేతులు పెనవేసి, తుడుముమ్రోతకు సర్పమువలె చుట్టలు దిరుగుదురు. డబ్బిచ్చి చూచిన యా అరగంట యాటకును, చైత్రమాసపు ఇటికపండుగలో విత్తనములను బూజించి రాత్రులు ఆడు ఆటకును భేదము గలదని ఆడినవారే మాకు జెప్పిరి.

బసకు మరలుచుండగా నా పల్లెబాటప్రక్క అవ్వ మనుమరాలు నిలిచి యుండెను. చేత బడిపుస్తకపు కాగితములు రెండు. అవ్వ నడిగి, కుబిమాటలను తెలుగు అక్షరములతో వ్రాసి తెచ్చినది. మొదటిమాట 'ఏరు'. మా చిన్నది కలము దీసికొని దానిని 'ఏఱు' అని దిద్దెను. ఆ అక్షర మేమని ఆ పిల్ల యడిగెను.